నాలుగు ఏనుగులు, ఒక రబ్బరు రింగు

పోయిన నెల మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు మొహం వేలాడేసుకుని నా డెస్కు దగ్గరకొచ్చాడు. "అన్నా, నన్ను సపోర్టు ప్రాజెక్టులో పడేశారు. మా బ్యాచ్ వాళ్ళంతా కొత్త ప్రోడక్టు మీద పనిచేస్తుంటే నేను 15 ఏళ్ళ నాటి కోడుకి కట్లు కట్టుకుంటూ కూర్చోవాలా? నువ్వు చెప్తే మారుస్తారంట కదా" అన్నాడు.

వాణ్ణి తప్పు పట్టలేం. మన ఫీల్డులో డెవలప్‌మెంటు వాడికి పీటేసి వడ్డిస్తారు, సపోర్టు వాడికి గుమ్మంలోనే చేతిలో పెట్టి పంపేస్తారు. పెళ్ళిచూపుల్లో కూడా "అబ్బాయి సాఫ్ట్‌వేరు" అంటారు గానీ "అబ్బాయి సపోర్టు" అని ఎవరూ అనరు :) నా సర్వీసులో సగానికి పైగా మెయింటెనెన్సులోనే గడిచింది కాబట్టి ఆ బాధ నాకు కొత్త కాదు.

వాణ్ణి క్యాంటీన్‌కి తీసుకెళ్ళి టీ ఇప్పించి ఒక హెలికాప్టర్ కథ చెప్పాను. టీ టైములో సగమే చెప్పగలిగాను. మిగతా సగంతో కలిపి ఇక్కడ రాస్తున్నా.

మన వాయుసేనలో చండీగఢ్‌లో 126 హెలికాప్టర్ యూనిట్ అని ఒకటుంది. దాని ముద్దుపేరు 'ఫెదర్‌వెయిట్స్', అంటే ఈకంత తేలికవాళ్ళన్నమాట. ఎవరు పెట్టారో గానీ మంచి హాస్యప్రియులు. ఎందుకంటే 1986 నుంచీ ఆ యూనిట్ నడిపింది ప్రపంచంలో వరసగా తయారైన హెలికాప్టర్లన్నిటిలోకీ పెద్దదాన్ని. ఎంఐ-26. సోవియట్ యూనియన్‌లో 1977 డిసెంబర్‌లో మొదటిసారి ఎగిరింది. ఖాళీగా ఉంటేనే 28 టన్నులు, నిండా బరువేసుకుంటే 56 టన్నులు. 8 రెక్కల రోటరు, దాని వ్యాసం 32 మీటర్లు. లోపల వేసుకునిగానీ కింద వేలాడదీసుకునిగానీ 20 టన్నులు మోస్తుంది. అంటే రమారమి రెండు ఖాళీ ఆర్టీసీ బస్సుల బరువు. దాని పొట్టలో ఉన్న చోటు హెర్క్యులిస్ రవాణా విమానంలో ఉన్నంత ఉంటుందంటారు.

ఇలాంటివి మనం కొన్నది నాలుగు. ఈ 'నాలుగు' అన్న అంకె గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇంత పెద్దదాంతో పనేంటి అంటారా? కొండల్లో రోడ్డు వేయాలంటే బుల్‌డోజరు కావాలి. బుల్‌డోజరు అక్కడికి వెళ్ళాలంటే రోడ్డు కావాలి. ఈ ముడి విప్పేది హెవీ లిఫ్ట్ హెలికాప్టర్ ఒక్కటే. 2008లో చైనాలో సిచువాన్ భూకంపం వచ్చి, కొండచరియలు నదికి అడ్డంపడి తంగ్‌జియాషాన్ దగ్గర చెరువులా నిలిచిపోయినప్పుడు, ఆ నీటికి దారి తవ్వే యంత్రాల్ని ఎంఐ-26తోనే పైకి చేర్చారు. మన దగ్గర 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదలప్పుడు చిన్న హెలికాప్టర్లకి కావలసిన ఇంధనాన్ని ట్యాంకర్లతో సహా కొండల్లోకి మోసింది ఇదే. 2015 జనవరిలో కేదార్‌నాథ్ పునర్నిర్మాణానికి భారీ యంత్రాల్ని తీసుకెళ్ళి అంత ఎత్తున దింపిందీ ఇదే.

మరి అంత గొప్ప యంత్రం ఏమైంది? నాలుగింటిలో ఒకటి 2010 డిసెంబర్‌లో జమ్మూలో కూలిపోయింది. మిగిలిన మూడూ ఓవర్‌హాల్ గడువులు దాటి ఒక్కొక్కటే నేలమీద కూర్చున్నాయి. శత్రువెవడూ కొట్టలేదు. డిజైను పాతబడిపోయిందా అంటే అదీ కాదు, రష్యాలో అదే ఎంఐ-26 ఇంకా ఎగురుతూనే ఉంది. మన వాటికి అందాల్సినవి అందాల్సిన టైముకి అందలేదు, అంతే.

ఇక్కడ ఓవర్‌హాల్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. బైకు సర్వీసింగులాంటిది కాదది. హెలికాప్టర్లో ప్రతి ముఖ్యమైన భాగానికీ రెండు గడియారాలు తిరుగుతుంటాయి. ఒకటి ఎగిరిన గంటలు లెక్కేస్తుంది, రెండోది క్యాలెండరు చూస్తుంది. ఏది ముందు నిండితే అప్పుడు దాన్ని విప్పి చూడాల్సిందే. కొన్ని భాగాలైతే బాగానే ఉన్నట్టు కనిపించినా పక్కన పడేయాల్సిందే. హాంగర్లో కదలకుండా ఉన్నా రెండో గడియారం ఆగదు, రబ్బరు సీళ్ళూ గొట్టాలూ ఊరికే ఉండి కూడా ముసలివైపోతాయి. "మేం వాడట్లేదు కదా, ఎందుకు పాడవుతుంది?" అని క్లయింట్లు మనల్ని అడుగుతుంటారే, దానికి ఇదే జవాబు. చుట్టూ ప్రపంచం కదులుతుంటే కదలకుండా ఉన్నది కూడా పాతబడుతుంది. ముట్టుకోని సర్వర్లో సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అవ్వట్లా?

ఇంకో సంగతి, ప్రతి పెద్ద భాగానికీ ఒక జాతకం ఉంటుంది. సీరియల్ నంబరు, ఎక్కడ తయారైంది, ఏ హెలికాప్టర్లో ఎన్ని గంటలు తిరిగింది, ఎవరు విప్పారు, ఎవరు సంతకం పెట్టారు. ఆ కాగితం లేని భాగం చూడ్డానికి బంగారంలా మెరుస్తున్నా పాత ఇనపసామాను కిందే లెక్క.

ఇప్పుడు ఆ నాలుగు దగ్గరకి రండి. వందల హెలికాప్టర్లున్నవాడికి ఒక గేర్‌బాక్సు పోతే పక్క గోడౌన్లో పది ఉంటాయి. నాలుగున్నవాడికి ఒకటి ఓవర్‌హాల్‌కి వెళ్తే నాలుగోవంతు బలం పోయినట్టే. నాలుగు హెలికాప్టర్ల కోసం దేశంలో ఓవర్‌హాల్ ఫ్యాక్టరీ పెట్టడం ఎవరికీ గిట్టదు. ఏడాదికి ఒకటో రెండో కొనే గిరాకీ కోసం అమ్మేవాడు స్టాకు పెట్టుకోడు. ఇలాంటి చోట ప్రపంచంలో అందరూ చేసే పని ఒకటే, కదలని దాని భాగాలు ఊడదీసి కదిలేదానికి తగిలించడం. మనం పాత సర్వర్లోంచి ర్యామ్ పీకి ఇంకోదానికి పెట్టినట్టు. ఆ పూట గడుస్తుంది. కానీ ఊడదీసిన ప్రతిసారీ దాత ఇంకొంచెం చచ్చిపోతుంది.

దీనికి తోడు మన చేతిలో లేని ముడి ఇంకోటి పడింది. ఎంఐ-26 బాడీ తయారయ్యేది రష్యాలోని రోస్తోవ్‌లో. దాని డి-136 ఇంజన్లు తయారయ్యేది ఉక్రెయిన్‌లోని జపోరిజియాలో. 1986లో మనం కొన్నప్పుడు ఆ రెండూ ఒకే దేశంలో రెండు ఊళ్ళు. విజయవాడ, గుంటూరు అనుకోండి. 1991లో అవి రెండు దేశాలయ్యాయి. 2014లో రెండూ తగవుపడ్డాయి, ఉక్రెయిన్ రష్యాకి సైనిక సామగ్రి అమ్మడం ఆపేసింది. 2022లో యుద్ధమే మొదలైంది. హెలికాప్టర్‌లో ఒక్క మర కూడా మారలేదు, దాని కింద ఉన్న మ్యాప్ మారిపోయింది. మన భాషలో చెప్పాలంటే, మనం ఒకటే డిపెండెన్సీ అనుకున్నది ఒక రోజు పొద్దున్నే లేచి చూస్తే రెండైంది, ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవట్లేదు.

ఇక రెండో హెలికాప్టర్. ఈ రెంటికీ 2002లో అఫ్ఘనిస్తాన్‌లో ఒక విచిత్రమైన పరిచయం జరిగింది. అమెరికా సైన్యం చినూక్ ఒకటి దెబ్బతిని కొండల్లో చాలా ఎత్తున చిక్కుకుపోయింది. అంత ఎత్తు నుంచి దాన్ని ఎత్తుకురాగలిగింది అమెరికా దగ్గర లేదు. చివరికి ఒక పౌర సంస్థ ఎంఐ-26ని అద్దెకి తెచ్చి, చినూక్‌ని తాడుకి వేలాడదీసి బగ్రామ్ స్థావరానికి మోసుకొచ్చారు. ఏనుగు దున్నపోతుని వీపున వేసుకొచ్చినట్టు! బలంలో ఎవరు గొప్పో ఆ రోజు తేలిపోయింది.

కానీ 2019 మార్చి 25న చండీగఢ్‌లో, అదే ఫెదర్‌వెయిట్స్ యూనిట్‌లో, ఎంఐ-26 చోటులోకి వచ్చింది ఆ దున్నపోతే. 2015 సెప్టెంబర్‌లో మనవాళ్ళు 15 చినూక్‌లకి ఒప్పందం చేసుకున్నారు. మోసేది సుమారు 10 టన్నులు, అంటే ఎంఐ-26లో సగం. సగం బలమున్నది గెలిచిందేంటి?

కారణాలు చాలా ఉంటాయి గానీ, నాకు కనిపించే పెద్ద కారణం అది బతికిన విధానం. చినూక్ మొదటిసారి ఎగిరింది 1961 సెప్టెంబర్ 21న. మనలో చాలామంది నాన్నలు అప్పటికి నిక్కర్లేసుకుని తిరుగుతున్నారు. ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. ఇప్పటిదాకా 1,200కి పైగా తయారయ్యాయి, దాదాపు 20 దేశాలు వాడుతున్నాయి. మొదటి మోడల్లో ఒక్కో ఇంజను 2,200 హార్స్‌పవర్, ఇప్పటి ఎఫ్ మోడల్లో అదే టీ55 ఇంజను వంశం 4,700 దాటింది. ఆ ఇంజను చేసే కంపెనీ పేరు లైకమింగ్ నుంచి అలైడ్‌సిగ్నల్, అక్కణ్ణుంచి హనీవెల్ అని మారుతూ వచ్చింది గానీ ఇంజను వంశం తెగలేదు. పాత ఏ, బీ, సీ మోడళ్ళని ఫ్యాక్టరీకి తెచ్చి, విప్పి, డీ మోడల్‌గా మళ్ళీ కట్టారు. తర్వాత డీల్లో చాలావాటిని ఎఫ్‌లుగా మార్చారు. బయటనుంచి చూస్తే అదే ఆకారం, అవే రెండు రోటర్లు. లోపల మాత్రం ఒక్కో తరంలో ఒక్కోటి మారిపోయింది.

దీన్నే మనం రీఫ్యాక్టరింగ్ అని పెద్దపేరు పెట్టి పిలుస్తాం. "మొత్తం పీకేసి మళ్ళీ రాద్దాం" అని ప్రతి రెండేళ్ళకీ ఒకడు లేస్తాడు చూడండి, వాడికి చినూక్ ఫొటో ఒకటి ప్రింట్ తీసి ఇవ్వాలి.

మనకి ఇంకో సంతోషం కూడా ఉంది. ఆ భాగాల గొలుసులో ఒక లింకు మన ఊళ్ళో పడింది. హైదరాబాదులో టాటా వాళ్ళ ఫ్యాక్టరీలో చినూక్ క్రౌన్, టెయిల్‌కోన్ తయారవుతున్నాయి. బెంగుళూరులో డైనమాటిక్ వాళ్ళు వెనకాల రోటరుని మోసే పైలాన్‌నీ, సామాను ఎక్కించే ర్యాంపునీ తయారుచేశారు. ఆదిబట్ల అంటే మనవాళ్ళకి టీసీఎస్ క్యాంపస్సే గుర్తొస్తుంది గానీ, అక్కడే 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ బాడీలు కూడా తయారవుతున్నాయి. అలాగని మన చినూక్‌కి రేపు గేర్‌బాక్సు పోతే ఆదిబట్ల వెళ్ళి తెచ్చుకోవచ్చని కాదు. రేకు పని వేరు, గేర్ల పని వేరు. కానీ రోస్తోవ్ వైపు చూస్తూ కూర్చున్న రోజులతో పోలిస్తే ఇది వేరే కథ.

ఇక్కడితో ఆపితే చినూక్ కంపెనీ వాళ్ళ బ్రోషర్‌లా ఉంటుంది. దాని కథలోనూ చీకటి పేజీలున్నాయి. ఆ పేజీల్లో ఎక్కువగా కనిపించేది మనలాంటి వాళ్ళే, మెయింటెనెన్సు వాళ్ళు.

పల్లెటూళ్ళో ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు రెండు రోకళ్ళతో దంచడం చూశారా? ఒకరి రోకలి లేచినప్పుడు ఇంకొకరిది పడుతుంది. చినూక్ రెండు రోటర్లూ అలాంటివే. ఒకదాని రెక్కల దారిలోకి ఇంకోదాని రెక్కలు వస్తాయి, ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. వాటి లయ తప్పకుండా చూసేది మధ్యలో ఉన్న గేర్లు, షాఫ్టులు. లయ తప్పిందా, అంతే సంగతులు.

1982 సెప్టెంబర్ 11న జర్మనీలోని మాన్‌హైమ్‌లో ఒక ఎయిర్‌షోలో పారాచూట్ వాళ్ళనెక్కించుకున్న అమెరికా సైన్యపు చినూక్ కూలిపోయింది. 46 మంది చనిపోయారు. కారణం ఏమిటో తెలుసా? అక్రోటు పెంకులు! ట్రాన్స్‌మిషన్ భాగాల్ని రుద్ది శుభ్రం చేయడానికి అక్రోటు పెంకుల పొడి వాడేవారు. ఆ పొడి లోపల మిగిలిపోయి నూనె వెళ్ళే సన్నని దారులకి అడ్డంపడింది. బేరింగులకి నూనె అందలేదు. ఎవరో శ్రద్ధగా, శుభ్రంగా ఉండాలనే చేసిన పని అది.

1986 నవంబర్ 6న స్కాట్లండ్ ఉత్తరాన షెట్‌లాండ్ దీవుల దగ్గర, ఆయిల్ రిగ్గు కార్మికులని తీసుకొస్తున్న చినూక్ పౌర రకం ఒకటి సముద్రంలో పడింది. 47 మందిలో ఇద్దరే బతికారు. ముందు ట్రాన్స్‌మిషన్లో ఒక గేర్ రింగు విఫలమైంది. అది మెరుగుపరచి మార్చిన డిజైను. రోకళ్ళు ఢీకొన్నాయి.

ఇవి పాత కథలనుకుంటే, 2022 ఆగస్టులో అమెరికా సైన్యం తన 400 చినూక్‌లనీ ఒక్కసారిగా నేలమీద కూర్చోబెట్టింది. కొన్నిటి ఇంజన్లలో ఇంధనం కారి మంటలొచ్చాయి. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు. చూస్తే కారణం 'ఓ-రింగు'. అంటే ప్రెషర్ కుక్కర్ మూతకి వేసే గ్యాస్కెట్‌కి తమ్ముడు. డిజైన్ ప్రకారం లేని ఓ-రింగులు మెయింటెనెన్సులో కొన్ని ఇంజన్లలోకి చేరిపోయాయి. 70కి పైగా హెలికాప్టర్లలో అనుమానం. ప్రపంచంలోనే బలమైన సైన్యం దగ్గర డబ్బుకి లోటు లేదు, ఫ్యాక్టరీ ఇంట్లోనే ఉంది, అయినా ఒక రబ్బరు రింగు మొత్తం ఫ్లీట్‌ని కట్టి పడేసింది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని కథ. బ్రిటన్ వాయుసేన 1995లో 8 ప్రత్యేక చినూక్‌లు, హెచ్.సి.3 అనే రకం ఆర్డరిచ్చింది. ఖరీదు 259 మిలియన్ పౌండ్లు. 2001లో వచ్చాయి. మెరుస్తున్న కొత్త హెలికాప్టర్లు. ఇంజను బావుంది, గేర్లు బావున్నాయి. కానీ కాక్‌పిట్ సాఫ్ట్‌వేరు భద్రమైనదని వాళ్ళ దేశపు ప్రమాణాల ప్రకారం నిరూపించడానికి కావలసిన కోడు, డాక్యుమెంట్లు వాళ్ళ చేతికి రాలేదు. ఎందుకు రాలేదంటే కాంట్రాక్టులో ఆ మాట సరిగ్గా రాసుకోలేదు! కోడు తప్పని ఎవరూ అనలేదు. ఒప్పని చూపించలేకపోయారు, అంతే. ఆ 8 హెలికాప్టర్లూ ఏళ్ళ తరబడి హాంగర్లలో ఉన్నాయి. అదే సమయంలో వాళ్ళ సైనికులు అఫ్ఘనిస్తాన్‌లో హెలికాప్టర్లు చాలక ఇబ్బంది పడ్డారు. చివరికి 2007లో, ఆ కొత్త కాక్‌పిట్ తీసేసి పాత రకం పెట్టాలని నిర్ణయించుకున్నారు. 2009లో గానీ వాటిలో మొదటిది అలా మారి ఎగరలేదు.

అంటే విడిభాగాల జాబితాలో సోర్స్ కోడు కూడా ఒక విడిభాగమే. గేర్‌బాక్సుకి జాతకం ఉన్నట్టే దానికీ ఉండాలి.

నిద్ర పట్టనివ్వనిది ఎందుకన్నానంటే, ఇందులో నా పాపం కూడా కొంచెం ఉంది. చాలా ఏళ్ళ క్రితం ఒక విదేశీ క్లయింటు గోడౌన్ సిస్టం మాకు అప్పజెప్పారు. అసలు రాసిన కంపెనీ చేతులు మారి మూతబడింది. హ్యాండోవర్‌లో ఒక చెక్‌లిస్టు ఉంది, 'సోర్స్ అందింది' అన్న గడిలో టిక్కు పెట్టింది నేనే. జిప్ ఫైలు వచ్చింది, విప్పితే ఫోల్డర్లు కనిపించాయి, టిక్కు పెట్టాను. బిల్డ్ చేసి చూడలేదు. ఏడాదిన్నర తర్వాత లేబుల్ ప్రింటింగ్‌లో చిన్న మార్పు కావాల్సి వచ్చినప్పుడు తెలిసింది, ఆ కోడు ప్రొడక్షన్లో నడుస్తున్నది కాదని, రెండు వెర్షన్ల వెనకదని. వాళ్ళ పండగ సీజన్లో గోడౌన్ మనుషులు మూడు వారాలు లేబుళ్ళు చేత్తో రాసుకున్నారు. నాకు ఎవరూ పెద్దగా చీవాట్లు పెట్టలేదు, అది సపోర్టు టీము ఖాతాలో పడింది. రాత్రిళ్ళు కూర్చుని బైనరీలోంచి తేడాలు వెతికిన వాళ్ళు నా తర్వాత వచ్చిన వాళ్ళు. ఆ టిక్కు ఎవరిదో వాళ్ళకి తెలుసు. ఒక్కరు కూడా అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ తర్వాతే నేను మెయింటెనెన్సుని ఇష్టపడి ఎంచుకున్నాను. కొనేరోజు పేపర్లో ఫొటో పడుతుంది, రిబ్బన్ కత్తిరిస్తారు, కొబ్బరికాయ కొడతారు. ఇరవయ్యేళ్ళ తర్వాత అది ఎగురుతుందా లేదా అన్నది ఆ ఫొటోలో లేనివాళ్ళు తేలుస్తారు. ఎవరు ఏ భాగానికి జాతకం రాశారు, ఏ గడువు ముందే చూశారు, ఏ ఊరి ఫ్యాక్టరీ మూతపడబోతోందో ఎవరు పసిగట్టారు... వాళ్ళన్నమాట. మన టెండర్లలో ఖర్చు తగ్గించమనగానే మొదట కత్తెర పడేది ఆ పనికే అన్నది వేరే ఏడుపు.

కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ. వాణ్ణి నేను మార్పించలేదు. ఒక నెల టైమిచ్చి ఒకే పని చెప్పాను. మన సిస్టంలో ఉన్న ప్రతి లైబ్రరీ, ప్రతి సర్వర్, ప్రతి లైసెన్సు జాబితా రాయి. ఒక్కోదాని పక్కన రెండు గడియారాలు పెట్టు. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారో రాయి. ఏదైనా సరే బిల్డ్ చేసి చూశాకే టిక్కు పెట్టు.

మొన్న సోమవారం ల్యాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. మా పేమెంటు మాడ్యూలు మొత్తం ఆనుకుని ఉన్న ఒక చిన్న లైబ్రరీని రాసినాయన నాలుగేళ్ళుగా ముట్టుకోలేదట. ఆ సంగతి మా టీములో ఎవరికీ తెలియదు, నాతో సహా. స్క్రీన్ నా వైపు తిప్పి, మొహం వెలిగిపోతుండగా అన్నాడు:

"అన్నా, ఇది మన జపోరిజియా అన్నా!"